జతఎంపిక, దౌర్జన్యం - పరిణామశాస్త్ర వివరణలు: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం:

మనిషి జతను ఎంచుకునే తీరుకూ, మగవారిలో ఎక్కువగా కనిపించే దౌర్జన్యానికీ జీవపరిణామంలో మూలాలు ఉన్నాయని పరిణామ మనస్తత్వశాస్త్రం చెబుతుంది. ఈ వాదాన్ని సగమే విన్నవారు దానిని ప్రాంతాలకూ కులాలకూ అంటగట్టి “ఆ నేల రక్తమే అంత” అని తీర్మానించడం కద్దు. రాయలసీమ ఈ తీర్మానానికి తరచుగా గురి అవుతున్నది. శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో కనిపించే వీరగల్లులు, మేనరికం, ముఠాకక్షలు అనే మూడు అంశాల ఆధారంగా పరిణామశాస్త్రం దేనిని వివరించగలదో, దేనిని వివరించలేదో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: లైంగికవరణం, బంధువరణం, మేనరికం, వీరగల్లు, ముఠాకక్షలు, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం:

“రాయలసీమ” అనే పేరును 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించారు. అంతవరకు “దత్తమండలాలు” అని పిలిపించుకున్న ప్రాంతానికి అది గౌరవాన్ని తెచ్చిన పేరు. అయితే 1999లో వచ్చిన “సమరసింహారెడ్డి” వంటి చిత్రాల తరువాత ఆ పేరు వినగానే వేటకొడవలి, నాటుబాంబు, తరతరాల పగ గుర్తుకు వచ్చే పరిస్థితి ఏర్పడింది. “సీమ పౌరుషం”, “సీమ రక్తం” అనే మాటలు పొగడ్తగా వినిపించినా వాటి వెనుక ఒక జీవశాస్త్ర ప్రతిపాదన దాగి ఉంది. ఇక్కడివారికి దౌర్జన్యం పుట్టుకతోనే వస్తుందన్నదే ఆ ప్రతిపాదన. ఇల్లు అద్దెకు ఇచ్చేటప్పుడూ, ఉద్యోగానికి తీసుకునేటప్పుడూ, పెళ్ళిసంబంధం చూసేటప్పుడూ ఈ భావన పనిచేయగలదు. కనుక దీనిని శాస్త్రదృష్టితో పరీక్షించడం అవసరం.

2. పరిణామశాస్త్రం చెప్పేది:

చార్లెస్ డార్విన్ 1871లో వెలువరించిన మానవావతరణ గ్రంథంలో ప్రకృతివరణంతో పాటు లైంగికవరణాన్ని వివరించాడు. బతికి బట్టకట్టడానికి తోడ్పడే లక్షణాలే కాక, జతను సంపాదించడానికి తోడ్పడే లక్షణాలు కూడా తరువాతి తరాలకు అందుతాయన్నది దాని సారాంశం. ఇందులో రెండు మార్గాలున్నాయి. ఒకే లింగానికి చెందిన జీవులు తమలో తాము పోటీపడడం ఒకటి, ఎదుటి లింగంవారు ఎంపిక చేసుకోవడం రెండవది. జింక కొమ్ములు మొదటిదానికీ, నెమలి పింఛం రెండవదానికీ ప్రసిద్ధమైన ఉదాహరణలు.

పోటీ ఎక్కువగా మగజీవుల మధ్యనే ఎందుకుంటుంది? 1972లో రాబర్ట్ ట్రివర్స్ దీనికి సమాధానంగా పోషణభార సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. సంతానం కోసం ఎక్కువ కాలాన్నీ శక్తినీ వెచ్చించే లింగం ఎంపికలో జాగ్రత్త వహిస్తుంది. తక్కువ వెచ్చించే లింగం జత కోసం పోటీపడుతుంది. గర్భధారణ, చనుబాలు ఆడజీవి మీదనే పడే క్షీరదాలలో పోటీ సాధారణంగా మగవాటి మధ్య తీవ్రమవుతుంది. మనిషి విషయంలో మాత్రం ఒక విశేషం ఉంది. తండ్రి కూడా బిడ్డ పోషణలో పెద్దపాలు పంచుకునే కొద్ది క్షీరదాలలో మనిషి ఒకడు. అందువల్ల మనుషులలో పురుషుడూ ఎంపిక చేస్తాడు, స్త్రీలూ పోటీపడతారు.

దౌర్జన్యం విషయంలో కెనడాకు చెందిన మార్టిన్ డేలీ, మార్గో విల్సన్ చేసిన కృషి ముఖ్యమైనది. 1972లో డెట్రాయిట్ నగరంలో జరిగిన హత్యలను పరిశీలించి 1985లో వారు ప్రకటించిన వ్యాసం ప్రకారం, చంపినవారిలోనూ చనిపోయినవారిలోనూ యువకులు, అందులోనూ అవివాహితులు, నిరుద్యోగులు జనాభాలో తమ నిష్పత్తిని మించి ఉన్నారు. చాలా తగాదాలు పైకి చిన్న విషయాలుగానే కనిపించాయి. అయితే నలుగురిలో పరువు పోవడం అనేది యువకుడికి చిన్న విషయం కాదని వారు వివరించారు. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం 2019లో ప్రకటించిన నివేదిక ప్రకారం ప్రపంచవ్యాప్తంగా హత్యానుమానితులలో సుమారు 90 శాతం, హతులలో సుమారు 81 శాతం మగవారే.

ఇది భూగోళమంతటా కనిపించే ధోరణి. సీమకు మాత్రమే చెందిన లక్షణం కాదు. ఈ వ్యాసంలోని వాదానికి ఇదే పునాది. అందరిలోనూ సమానంగా ఉన్న కారణం, కొందరిలో మాత్రమే కనిపించే భేదాన్ని వివరించలేదు.

3. స్వయంవరం నుంచి పెళ్ళిచూపుల వరకు:

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న లేపాక్షి వీరభద్రాలయం అచ్యుతదేవరాయల కాలం నాటిది. పెనుకొండలో కోశాధికారిగా పనిచేసిన విరూపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ దీనిని నిర్మించినట్లు ప్రసిద్ధి. మండపం పైకప్పు చిత్రాలలో అర్జునుడు మత్స్యయంత్రాన్ని కొట్టే ద్రౌపదీ స్వయంవర ఘట్టం ఉంది, పార్వతీకల్యాణమూ ఉంది. మొదటిది పోటీని చూపుతుంది. గెలిచినవాడికి వధువు దక్కుతుంది, ఓడిన రాజులు కత్తులు దూస్తారు. రెండవ కథలో వధువు తపస్సు చేసి తాను కోరిన వరుని పొందుతుంది. డార్విన్ చెప్పిన రెండు మార్గాలూ ఒకే కప్పు కింద కనిపించడం ఆసక్తికరం. అయితే ఇవి రాజుల కథలు, దేవతల కథలు. సామాన్యుల పెళ్ళిళ్ళలో ఎంపిక చాలావరకు పెద్దల చేతిలోనే ఉంటుంది.

జతఎంపికపై విరివిగా ఉదహరించే అధ్యయనం డేవిడ్ బస్ 1989లో ప్రకటించినది. భారతదేశం సహా 33 దేశాలలోని 37 సమూహాల నుంచి 10,047 మంది ఇందులో పాల్గొన్నారు. భర్త సంపాదనకు స్త్రీలు, భార్య వయసుకూ అందానికీ పురుషులు సగటున ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చారు. ఈ భేదాన్ని పరిణామానికి నిదర్శనంగా బస్ చూపాడు. 1999లో ఆలిస్ ఈగ్లీ, వెండీ వుడ్ ఆ దత్తాంశాన్నే మళ్ళీ పరిశీలించి, స్త్రీపురుష సమానత్వం పెరిగిన దేశాలలో ఇటువంటి భేదాలు తగ్గుముఖం పట్టినట్లు చూపారు. తనకు సంపాదించే దారి లేనిచోట స్త్రీ సంపాదనపరుడిని కోరుకోవడానికి జన్యువులే కారణం కానక్కరలేదు. పెళ్ళికి ముందు శీలం అనే అంశంలో సంస్కృతుల మధ్య అన్నింటికన్నా ఎక్కువ భేదం కనిపించింది. మగవాడి సహజ స్వభావంగా మనం భావించే పట్టింపు దేశాన్ని బట్టి ఇంతగా మారడం గమనార్హం.

ఓలి, కట్నాల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. తెలుగునాట అనేక కులాలలో ఒకప్పుడు వరునివైపువారు వధువు తల్లిదండ్రులకు ఓలి ఇచ్చేవారు. ఇరవయ్యవ శతాబ్దంలో ఆ కులాలలో పెక్కింటిలో ఓలి పోయి కట్నం వచ్చింది. డబ్బు ప్రవహించే దిశ రెండు మూడు తరాలలోనే తిరగబడింది. జన్యువులలో అంత మార్పు రావడానికి ఆ వ్యవధి ఏమాత్రం చాలదు. చదువు, జీతపు ఉద్యోగం, ఆస్తి, కులగౌరవం అనే సామాజిక కారణాలను వెతకక తప్పదు. ధర్మవరం మగ్గాల మీద నేసే పెళ్ళిపట్టుకు కూడా ఇది వర్తిస్తుంది. పట్టుచీర, జరీ అంచు కుటుంబ స్థాయిని నలుగురికీ చాటుతాయి. ఆ చాటింపు కోరిక మానవ సహజం కావచ్చు. అది పట్టు రూపంలో, పెళ్ళినాడు, వధువు ఒంటి మీద కనిపించాలన్నది సంప్రదాయం నిర్ణయించినది.

4. మేనరికం - వరసకూ రక్తానికీ మధ్య తేడా:

దగ్గరి రక్తసంబంధీకులతో జతకట్టకుండా ఉండే ధోరణి అనేక జంతుజాతులలో ఉంది. చిన్ననాటి నుంచి ఒకే ఇంట పెరిగినవారి మధ్య పెద్దయ్యాక ఆకర్షణ కలగదని ఫిన్లండ్ పండితుడు ఎడ్వర్డ్ వెస్టర్‌మార్క్ 1891లో ప్రతిపాదించాడు. రాయలసీమలో, దక్షిణభారతంలో వాడుకలో ఉన్న మేనరికం దీనికి విరుద్ధంగా తోచవచ్చు.

నిజానికి మేనరికం పరిణామశాస్త్రానికి మంచి పరీక్ష. మేనమామ కూతురు “మరదలు”, పిన్నమ్మ కూతురు “చెల్లెలు”. మొదటి ఆమెను పెళ్ళాడవచ్చు. రెండవ ఆమెతో పెళ్ళి అనే ఊహే తప్పు. కాని జన్యుశాస్త్రం ప్రకారం ఇద్దరితోనూ బంధుత్వ గుణకం ఒక్కటే, ఎనిమిదింట ఒక వంతు. మేనమామకూ మేనకోడలికీ మధ్య ఇది నాలుగింట ఒక వంతు. అంటే అక్క కూతురిని పెళ్ళాడడం జన్యుపరంగా పిన్నమ్మ కూతురిని పెళ్ళాడడం కన్నా దగ్గరి సంబంధం. అయినా వరసల వ్యవస్థ మొదటిదాన్ని అనుమతించి రెండవదాన్ని నిషేధించింది. ప్రకృతి గీయని గీతను భాష గీసింది. ఈ ద్రావిడ బంధుత్వ వ్యవస్థ లోతును థామస్ ట్రౌట్‌మన్ 1981 నాటి గ్రంథంలో విపులంగా చర్చించాడు. 1955 నాటి హిందూ వివాహచట్టం మేనమామ-మేనకోడలు వివాహాన్ని నిషిద్ధ సంబంధాలలో చేర్చినా, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది.

జీవశాస్త్రానికి ఇక్కడ పాత్ర లేదని దీని అర్థం కాదు. 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడిన జె.బి.ఎస్. హాల్డేన్ ఇక్కడి రక్తసంబంధ వివాహాలపై ఆసక్తి చూపాడు. ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు ఆంధ్రదేశంలో వీటిని అధ్యయనం చేశాడు. వివిధ దేశాల దత్తాంశాన్ని సమీకరించిన బిటిల్స్, బ్లాక్ 2010లో చేసిన అంచనా ప్రకారం, మేనబావమరదళ్ళు వంటి మొదటి శ్రేణి దాయాదుల సంతానంలో మరణాలు ఇతరులకన్నా సుమారు 3.5 శాతం అధికం. అంతర్గత జన్యులోపాలు బయటపడడమే ఇందుకు ప్రధాన కారణం. ఈ నష్టం ఉన్నప్పటికీ ఆచారం నిలవడానికి భూమి చెదరకపోవడం, ఆడపిల్ల తెలిసిన ఇంట అడుగుపెట్టడం, ఇచ్చిపుచ్చుకోవడాలు కొనసాగడం కారణాలు. పుట్టింటికి దగ్గరగా ఉండే దక్షిణాది స్త్రీలకు ఉత్తరాది స్త్రీలకన్నా కొంత స్వేచ్ఛ ఉందని టిమ్ డైసన్, మిక్ మూర్ 1983లో వాదించారు. కనుక మేనరికం గురించి వైద్యుడు ఇచ్చే హెచ్చరికా సరైనదే, కుటుంబం చూసుకునే లెక్కా అర్థం లేనిది కాదు.

5. వీరగల్లు చెప్పే సాక్ష్యం:

హిందూపురం నుంచి మడకశిర, అమరాపురం వైపు సాగే నేల ఒకప్పుడు నొళంబుల ఏలుబడిలోనిది. నేటి హేమావతి ఆనాటి హెంజేరు, వారి రాజధాని. కన్నడ-తెలుగు సరిహద్దులోని ఈ నేల వీరగల్లులకు నెలవు. ఊరిపశువులను తోలుకుపోయే దొంగలను ఎదిరించి మరణించినవారికీ, యుద్ధంలో కూలినవారికీ ఈ శిలలు నిలిపేవారు. సాధారణంగా వీటిలో మూడు అంతస్తులుంటాయి. కింద పోరాటం, నడుమ వీరుని స్వర్గానికి తోడ్కొనిపోయే అప్సరసలు, పైన శివలింగ సన్నిధి. శత్రువుతో పోరు, ఆపైన స్త్రీల సాంగత్యం అనే క్రమం లైంగికవరణ సిద్ధాంతాన్ని రాతిలో చెక్కినట్లే అనిపిస్తుంది.

అయితే ఒక చిక్కు ఉంది. ఆ సాంగత్యం మరణానంతరమే దక్కుతుంది. చనిపోయినవాడికి ఇక సంతానం కలగదు. మరి అతని ప్రాణత్యాగం పరిణామదృష్టిలో ఎలా నిలుస్తుంది? విలియం హామిల్టన్ 1964లో వివరించిన బంధువరణం ఇక్కడ కొంత తోడ్పడుతుంది. తన త్యాగం వల్ల దగ్గరి బంధువులకు కలిగే లాభం తగినంత పెద్దదైతే, తనతో పంచుకున్న జన్యువులు వారి ద్వారా కొనసాగుతాయి. మరణించిన వీరుని కుటుంబానికి పొలం ఇచ్చినట్లు చెప్పే శాసనాలు కన్నడనాట అనేకం ఉన్నాయి. “నెత్తరుగొడగె” అనే మాటకు నెత్తుటికి ఇచ్చిన మాన్యం అని అర్థం. ఊరి కోసం చనిపోయినవాడి ఇల్లు ఆకలితో మాడదని ఊరు ఇచ్చిన హామీ ఇది. ఆ హామీని నిలబెట్టినది మాత్రం పాలకుడి శాసనం, ఊరి కట్టుబాటు. జన్యువులు మాన్యం రాయించలేవు.

దౌర్జన్యం సంతానాన్ని పెంచుతుందా అనే ప్రశ్నకు కూడా వీరగల్లు పనికివస్తుంది. అమెజాన్ అడవులలోని యానొమామి తెగలో, మనిషిని చంపిన పురుషులకు ఇతరులకన్నా రెండున్నర రెట్లు భార్యలు, మూడు రెట్లు సంతానం ఉన్నట్లు నెపోలియన్ షాన్యన్ 1988లో ప్రకటించాడు. ఆ లెక్కలో బతికి ఉన్న హంతకులే ఉన్నారనీ, పోరులో చనిపోయినవారు చేరలేదనీ విమర్శకులు ఎత్తిచూపారు. ఈక్వడార్‌లోని వావొరాని తెగపై బెకర్‌మన్ బృందం 2009లో ప్రకటించిన అధ్యయనంలో ఫలితం తలకిందులైంది. మరింత దూకుడుగా దాడులు చేసినవారికి బతికి మిగిలిన సంతానం ఎక్కువ లేదు. షాన్యన్ లెక్కకు అందనివారు ఎవరో, వీరగల్లు వారినే స్మరిస్తుంది. పోరులో కూలినవారిని కూడా కలిపి చూసినప్పుడే దౌర్జన్యపు లాభనష్టాలు సరిగా తేలుతాయి.

పశువుల దోపిడీకీ పరువుకూ ఉన్న సంబంధాన్ని రిచర్డ్ నిస్బెట్, డవ్ కోహెన్ 1996లో అమెరికా దక్షిణ రాష్ట్రాలను ఆధారం చేసుకొని చర్చించారు. మంద ఒక్క రాత్రిలో తోలుకుపోదగిన ఆస్తి. రక్షించే ప్రభుత్వం దూరంగా ఉన్నప్పుడు “వీడి జోలికి పోతే ఊరుకోడు” అనే పేరే కాపలా అవుతుంది. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం సీమలో పశువులు, గొర్రెలు బతుకుతెరువుకు ఆధారంగా ఉండేవి. ఇక్కడి పౌరుష సంప్రదాయానికి రక్తంలో కాక ఈ పరిస్థితులలో మూలాలు వెతకడం సమంజసం.

6. ముఠాకక్షలు:

పెనుకొండ శాసనసభ్యుడు పరిటాల రవీంద్ర 2005 జనవరి 24న అనంతపురంలో హత్యకు గురయ్యారు. ఆ కాలం నాటి పత్రికలలో “ఫ్యాక్షన్” అనే మాట నిత్యవ్యవహారం. ప్రతీకారం మానవ సహజమని పరిణామశాస్త్రం చెప్పగలదు. దెబ్బకు దెబ్బ తీస్తాడన్న భయం ఎదుటివానిని ఆపుతుంది కనుక పగ అనే ఉద్వేగానికి ప్రయోజనం ఉంది. కాని ముఠా అనేది ఉద్వేగాల మొత్తం మాత్రమే కాదు. మానవహక్కుల ఉద్యమకారుడు కె. బాలగోపాల్ వంటివారు ముఠాలను భూమి, గుత్తపనులు, ఎన్నికల అధికారం చుట్టూ ఏర్పడిన వ్యవస్థగా చూశారు. నాయకుని వెంట నడిచి ప్రాణం పోగొట్టుకునే అనుచరుడు చాలాసార్లు అతని బంధువు కాడు, ఒక్కొక్కసారి అతని కులం వాడూ కాడు. బంధువరణం ఇక్కడ వర్తించదు. అప్పు, కేసులలో అండ, కూలి, పలుకుబడి అనే బంధాలే అతనిని కట్టి ఉంచుతాయి. వీరగల్లు కాలంలో ఊరు ఇచ్చిన హామీని ఇక్కడ నాయకుడు ఇస్తాడు. ఆ హామీ నెరవేరనప్పుడు నష్టపోయేది అనుచరుని భార్యాబిడ్డలే.

భారతదేశపు హత్యల దత్తాంశాన్ని జిల్లాలవారీగా పరిశీలించిన జా ద్రెజ్, రీతికా ఖేరా 2000లో ప్రకటించిన ఫలితాలు ఇక్కడ విలువైనవి. పేదరికానికీ నగరీకరణకూ హత్యలతో చెప్పుకోదగిన సంబంధం కనిపించలేదు. అక్షరాస్యత ఎక్కువగా ఉన్నచోట హత్యలు తక్కువ. పురుషులతో పోలిస్తే స్త్రీల సంఖ్య మెరుగ్గా ఉన్నచోట కూడా హత్యలు తక్కువ. రెండవ ఫలితాన్ని రెండు విధాలుగా చదవవచ్చు. స్త్రీలు తక్కువైతే పురుషుల మధ్య పోటీ పెరుగుతుందని పరిణామవాది అంటాడు. ఆడపిల్లను వద్దనుకునే సమాజమే హింసను కూడా పోషిస్తుందని సమాజశాస్త్రవేత్త అంటాడు. రెండూ కలిసి పనిచేసే అవకాశమూ ఉంది.

స్వభావం స్థిరమన్న భావనను జీవశాస్త్రమే ఖండిస్తున్నది. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 624 మంది యువకులను కొన్నేళ్ళపాటు గమనించి లీ గెట్లర్ బృందం 2011లో ప్రకటించిన అధ్యయనంలో, తండ్రులై బిడ్డల పోషణలో పాల్గొన్నవారిలో టెస్టోస్టిరాన్ స్థాయి బాగా తగ్గింది. అదే మనిషి, అవే జన్యువులు, పరిస్థితి మారింది, శరీరమూ మారింది. చరిత్ర కూడా ఇదే చెబుతుంది. మధ్యయుగాలలో ఇంగ్లండులో లక్ష జనాభాకు సాలుకు 20 వరకు హత్యలు జరిగేవని మాన్యుయెల్ ఐస్నర్ వంటి పరిశోధకుల అంచనా. ఇరవయ్యవ శతాబ్దం నడుమ నాటికి అది ఒకటికి చేరువైంది. న్యాయస్థానం, పాఠశాల, కేంద్రీకృత ప్రభుత్వం మారాయి కాని రక్తం మారలేదు.

7. ఇంటి లోపలి హింస:

దౌర్జన్యం వీధులకే పరిమితం కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 18-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో 29.3 శాతం భర్త హింసను ఎదుర్కొన్నారు. బిడ్డ తనదేనా అనే సందేహం నుంచి పురుషుల అసూయ పుట్టిందని డేలీ, విల్సన్ వివరించారు. ఈ వివరణ నిజమైనంత మాత్రాన అది సమర్థన కాదు. ఒక పని ఎలా పుట్టిందో చెప్పడం వేరు, ఆ పని తగునని చెప్పడం వేరు. తీపి మీద మోజు కూడా పరిణామం ఇచ్చినదే. మధుమేహ రోగికి వైద్యుడు ఆ కారణంతో చక్కెర సిఫారసు చేయడు. “మగవాడి స్వభావం” అనే మాట పంచాయతీలో వినిపించినప్పుడు ఈ భేదాన్ని గుర్తుంచుకోవాలి.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. యువపురుషులలో పోటీ, పరువు పట్టింపు, పగ వంటి ధోరణులకు పరిణామ మూలాలు ఉండవచ్చు. అవి మానవజాతి అంతటికీ ఉమ్మడివి. కనుక ఒక ప్రాంతపు హింసకు అవి ప్రత్యేక కారణం కాజాలవు.

2. మేనరికంలో సమాన రక్తసంబంధం గల ఇద్దరిలో ఒకరు మరదలు, మరొకరు చెల్లెలు. జతఎంపికను జీవశాస్త్రం ఒక్కటే నిర్ణయించదనడానికి ఇది స్పష్టమైన నిదర్శనం.

3. వీరగల్లు, ముఠా రెండింటిలోనూ ప్రాణత్యాగాన్ని నిలబెట్టినవి హామీలు, వ్యవస్థలు. వ్యవస్థ మారితే ప్రవర్తన మారుతుంది.

4. పరిణామశాస్త్ర వివరణ హింసకు సమర్థన కాదు.

పెనుకొండ మండలంలో 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కార్ల పరిశ్రమ, హిందూపురం పరిసరాల పారిశ్రామిక వాడలు, ధర్మవరం మగ్గాలు ఒకే జిల్లాలో మూడు రకాల బతుకుతెరువులు. ఈ మూడు చోట్ల నేరాలను వయసు, వివాహస్థితి, చదువు, ఉపాధి వారీగా పోల్చి చూస్తే ఇక్కడి వాదాన్ని పరీక్షించవచ్చు. భావి పరిశోధకులు చేపట్టదగిన పని ఇది. అంతవరకు “సీమ రక్తం” అనే మాటను సినిమా సంభాషణగానే చూడాలి, శాస్త్రంగా కాదు. ఆ రక్తం ఇతరుల రక్తం వంటిదే. అది చిందిన ప్రతిచోటా ఎవరి లాభం కోసం చిందిందన్నదే అడగవలసిన ప్రశ్న.